పసుపు ముందా, పేరు ముందా

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. నా గొంతు ఇప్పుడు మునుపటిలా లేదు, దూరంగా కూర్చుంటే సగమే చెవిన పడుతుంది. ఆ పీట లాక్కోండి. కాళ్లు చాపుకున్నా మనింట్లో అడిగేవాళ్లు లేరు. చెప్పబోయేది రాజుల కథ కాదు. కన్నడవాళ్ల పెద్ద ఊళ్లో, చిక్కపేట బజారులో ఒక ఆఫీసుకి కవర్ల మీద అడ్రసులు కొట్టే మిషను వచ్చింది. దాన్ని దారికి తెచ్చుకోవడానికి మేము పడిన పాట్లు, అంతే. అది వచ్చిన రోజుల్లో నా మనసు నా దగ్గర లేదు. అయినా ఏ రోజు ఏ మాట ఎవరన్నారో అన్నీ గుర్తున్నాయి. నేను చదివింది నాలుగో తరగతి. నాకు చదువు అబ్బలేదు, మరుపూ అబ్బలేదు.

తొంభైల చివరి మాట ఇది. సందులో కింద పట్టుచీరల హోల్‌సేలు అంగడి, చెక్కమెట్లు ఎక్కితే పైన దాని ఆఫీసు. ఆ మెట్లు ఎంత ఇరుకంటే, చీరల మూట ఎత్తుకున్న హమాలీ దిగుతుంటే ఎక్కేవాళ్లు గోడకి అతుక్కుని నిలబడాలి. ఆఫీసులో కిటికీ పక్కన ఒక పాత టేకు బల్ల. దానికి అటు మా ఆయన, ఇటు నేను. ఆయన అడ్రసులు రాసే గుమాస్తా. నేను కవర్లకి జిగురు పూసి స్టాంపులు అంటించే మనిషిని. పన్నెండేళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ మాట్లాడుకున్నామేమో.

ఏటా శ్రావణమాసం మొదటి శుక్రవారం ఆ అంగడిలో కొత్త సరుకుకి పూజ చేసేవాళ్లు. వాళ్ల దగ్గర సరుకు కొనే ప్రతి దుకాణానికీ ఆహ్వానం పోవాలి. హిందూపురం, కదిరి, మదనపల్లె, కోలారు, తుమకూరు, హోసూరు, సేలం. ఆషాఢమంతా మాకు కవర్ల పనే. మా ఆయన తెలుగు ఊళ్లకి తెలుగులో, కన్నడ ఊళ్లకి కన్నడలో, మిగతా వాటికి ఇంగ్లీషులో రాసేవారు. మూడు భాషల్లోనూ ఒకటే వాటం. అక్షరాలు కుదురుగా, కొంచెం ముందుకి వంగి, ఊరి పేరు కింద రెండు గీతలు. రాస్తూ రాస్తూ అడ్రసు పైకి అనుకునేవారు. పాత బస్టాండు వెనక, కోమట్ల వీధి, పాలడిపో పక్కన, ఇట్లా. ఆ గొణుగుడు వినీ వినీ అన్నీ నాకు వచ్చేశాయి. చూసి నేర్చుకున్నవి కావు, విని నేర్చుకున్నవి.

ఆ అంగడికి ఒక ఆచారం ఉండేది. కవర్ల కట్ట విప్పగానే ముందు నాలుగు మూలలా పసుపు పెట్టాలి, ఆ తర్వాతే పేరు రాయాలి. పసుపు లేని కవరు మీద పేరు రాస్తే అది చావు కబురు కవరవుతుందని అంగడి సావుకారు వాళ్ల నాన్న పెట్టిన కట్టుబాటట. ఆ పసుపు పెట్టేది నేనే. గిన్నెలో పసుపు వేసి రెండే రెండు చుక్కల నీళ్లు చల్లి, ఉంగరం వేలి కొసతో అంటీ అంటనట్టు అద్దేదాన్ని. అద్దిన కవరు ఆయన వైపు జరిపేదాన్ని. ఆయన రాసి నా వైపు జరిపేవారు. జిగురు, స్టాంపు నావి. ఒక్కో కవరు నా చేతిలోంచి రెండుసార్లు, ఆయన చేతిలోంచి ఒకసారి పోయేది.

మిషను వచ్చిన ఏడు ఎండాకాలం చివర ఆయన పోయారు. పొద్దున ఆఫీసుకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకోబోయారు. ఒక చెప్పు వేసుకున్నారు. అంతే, లేవలేదు.

నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ బడిలో. కదిరి పక్క పల్లె నుంచి మరిది వచ్చి కర్మలన్నీ దగ్గరుండి జరిపించాడు. పోయే రోజు నాతో అన్నాడు, "వదినా, ఈ ఊర్లో నీకేముండాది? పిల్లోళ్లను తీసుకోని వచ్చేయి. ఆడపిల్లోళ్లకు సదువు ఇంతకాడికి చాల్లే." అతను చెడ్డవాడు కాదు, తనకి తోచింది అన్నాడు. చూస్తానన్నాను. ఆఫీసులో నా కుర్చీ ఉంటే పిల్లల బడి ఉంటుంది, అది పోతే పల్లెకి పోవాలి. నా ముందున్నవి రెండే దారులు. అది తెలుసు గానీ, తెలిసినా గుండె దడదడలాడడం లాంటిదేమీ లేదు. చెయ్యి మీద తల పెట్టుకుని పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్లంతా అట్లా ఉండేది. వండేదాన్ని, తినేదాన్ని. ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. పెద్దది ఒకరోజు తన పళ్లెం తీసుకుపోయి పులుసులో ఉప్పు కలుపుకుని వచ్చి కూర్చుంది, ఏమీ అనకుండా.

నెల దాటాక, ఆషాఢం మొదట్లో ఆఫీసుకి పోయాను. సావుకారు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేచే మనిషి కాదు.

"వచ్చినావామ్మా. కూర్చో, కూర్చో. కాఫీ తాగినావా?"

"తాగినా అయ్యా."

"ఆయన మాదిరి రాసేవాడు యాడా దొరకలేదమ్మా. ఇద్దర్ని కూర్చోబెట్టి చూసినా. కోడి గెలికినట్ల రాస్తారు. అందుకే మిషను తెప్పిస్తాండా." కిటికీలోంచి బయటికి చూశాడు. "శ్రావణం కవర్లు పోయేదాకా నువ్వుండు. ఆమీద నీకు పని ఏముంటాదో చూస్తాం."

సరేనన్నాను. బల్ల దగ్గరికి పోతే పసుపు గిన్నె లేదు. అది ఆఫీసు లెక్కలు కొట్టే కంప్యూటరు అమ్మాయి బల్ల మీద ఉంది. ఆ అమ్మాయికి ఆ వేసవిలోనే పెళ్లయింది, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. గిన్నె ఎవరు మార్చారో తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే జరిగిపోయింది. నేనూ అడగలేదు.

మిషను వచ్చిన రోజు ఇద్దరు హమాలీలు దాన్ని మెట్ల మీద అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి, పైకి చేర్చారు. కాలుస్తున్న బీడీ కూడా నోట్లోంచి తియ్యలేదు. కిటికీ పక్కన మా బల్ల మీదే పెట్టారు, ఆయన వైపు. సావుకారు దాని నెత్తిన మూడు పసుపు బొట్లు పెట్టి, వాటి మీద కుంకుమ అద్ది, నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టబోతుంటే దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి అడ్డుపడ్డాడు.

"సార్ సార్, కాయ ఆచె కడె, బయట కొట్టండి! నీళ్లు లోపలికి పోయిందంటే గ్యారంటీ లేదు."

"దేవుని నీళ్లకు గ్యారంటీ ఏందప్పా?" అన్నాడు సావుకారు. అయినా మెట్ల దగ్గరికి పోయి కొట్టాడు.

ఆ బిగించే మనిషి మిషన్ల అంగళ్లుండే ఎస్పీ రోడ్డు నుంచి వచ్చాడు. నోటినిండా మాటలు. పని చేస్తూ చేస్తూ నాకూ చెప్పాడు. "దీంట్లో ఇంకు ఉండదమ్మా. నల్ల పొడి ఉంటాది. కాగితం మీద పొడి చల్లతాది, ఆమేల వేడి రోలరు కింద అదమతాది. పొడి కరిగి పట్టుకుంటాది. దోసె పెనం మాదిరి అనుకో." తెల్ల కాగితం పెడితే బుర్రున తిరిగి, నల్లటి అక్షరాలతో బయటికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతను సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. కవర్ల సంగతి మాకే వదిలేశాడు.

ముందు అడ్రసులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి. మా ఆయన పుస్తకం తీస్తే, అందులో దుకాణం పేరు, ఊరి పేరు మాత్రమే ఉన్నాయి. వీధులూ పిన్ కోడులూ ఆయన తలలో ఉండేవి. కంప్యూటరు అమ్మాయి బెంబేలెత్తిపోయింది.

"అయ్యో అక్కా, ఇవన్నీ యాడని వెతికేది?"

"కొట్టుకో, చెప్తా," అన్నాను.

నాలుగు రోజులు చెప్పాను. ఆయన అనుకునే వరసలోనే, ఆయన ఆగే చోటే ఆగుతూ. నా నోటి నుంచి వస్తున్నది ఆయన గొణుగుడేనని నాకు తెలుసు. ఆ అమ్మాయి మధ్యలో ఆపి, "అక్కా, నీ తలకాయలో హార్డ్ డిస్కు ఏమన్నా పెట్టినారా?" అంది. నవ్వాలని తెలుసు. మూతి నవ్వినట్టు పెట్టాను.

తర్వాత మొదలయ్యాయి అసలు పాట్లు. మొదటి కవరు పెడితే అడ్రసు వెనక మూత మీద పడింది. తిప్పి పెడితే తలకిందులుగా పడింది. ఇంకోలా పెడితే సగం అడ్రసు కవరు మీద, సగం గాల్లో. కంప్యూటరు ఇంకా పెద్ద కాగితమే వస్తోందని అనుకుంటోందట. దానికి కవరు కొలత చెప్పాలట. ఆ అమ్మాయి కిందికి పోయి బట్టలు కొలిచే టేపు తెచ్చి, పొడుగూ అడ్డమూ కొలిచి కొట్టింది. అప్పుడు అడ్రసు మొత్తం కవరు మీదికి వచ్చింది గానీ, స్టాంపు అంటించే చోట కూర్చుంది. నాలుగు వేళ్లు కిందికి, నాలుగు వేళ్లు ఎడమకి జరపమన్నాను. ఈ లోపల కవర్లు చెడిపోతున్నాయని, నేను తెల్ల కాగితాలను కవరు సైజుకి కత్తిరించి, ఒక మూల పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చాను. ఆ కాగితం మీద కొట్టి, దాన్ని కవరు మీద పెట్టి కిటికీ వెలుగులో చూస్తే ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. దర్జీ రవికకి ముందు కాగితం కత్తిరించినట్టే. రెండో రోజు సాయంత్రానికి దారి దొరికింది: పేరు పడే ముఖం పైకి, మూత ఎడమ పక్కకి, స్టాంపు కొస ముందు లోపలికి. మిషను నోటి పక్కల ఉన్న రెండు రెక్కలు కవరుని ఒరుసుకునేలా దగ్గరికి జరపాలి, లేకపోతే వంకరగా పోతుంది.

చోటు కుదిరింది గానీ కవర్లు ముడతలు పడి వచ్చేవి. ఎస్పీ రోడ్డు మనిషికి ఫోను చేస్తే, "వెనకాల తలుపు తెరవండమ్మా, నేరుగా బయటికి పోతాది, మడత తిరగదు," అన్నాడు. తెరిచాం, ముడతలు పోయాయి. కానీ లోపలి వేడికి మూత మీది జిగురు కరిగి, కవరు నోరు మూసుకుని బయటికి వచ్చేది. ఉత్తరం పెట్టకముందే మూసుకున్న కవర్లని ఏం చేసుకుంటాం? పక్క సందులో కాగితాల అంగడికి పోయి జిగురు పూయని కవర్లు తెచ్చాను. జిగురు ఎలాగూ నా చేతి పనే కదా.

ఇంత చెప్తున్నానని నేనేదో హుషారుగా చేశాననుకోకండి. చేతులు చేసుకుంటూ పోయేవి, నేను పక్కన ఉండేదాన్ని. మధ్యాహ్నం క్యారియరు విప్పి తినేదాన్ని. సాయంత్రం మెజెస్టిక్ బస్టాండు దాకా నడిచి బస్సు ఎక్కేదాన్ని. దారిలో ఏమేమి చూశానో కూడా చెప్పగలను. ఏమనిపించిందో మాత్రం చెప్పలేను.

అసలు కవర్లు మొదలుపెట్టిన రోజు పొద్దున్నుంచీ తుంపర. కంప్యూటరు అమ్మాయి కట్ట విప్పి, ఆచారం ప్రకారం ముందు పసుపు పెట్టడం మొదలుపెట్టింది. పాపం, ఎవరూ చూపించలేదు. గిన్నెలో నీళ్లు ఎక్కువ పోసింది. వేలు సగం దాకా ముంచి, మూలమూలకీ మెత్తింది. ఇంట్లో గడపకి రాసినట్టు. ఆ చిత్తడిలో అది ఆరేదెప్పుడు? నేను చూశాను. చెప్పాలని నాలుక దాకా వచ్చింది. పసుపు ఎట్లా పెట్టాలో చెప్పే నోరు నాకు ఇప్పుడు ఉందో లేదో తెలియలేదు. ఊరుకున్నాను. ఆ అమ్మాయి కవర్లు ఇచ్చింది, నేను ఒక్కొక్కటే మిషను నోట్లో పెట్టాను.

పది, పదిహేను కవర్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత పోపు మాడిన వాసన. వచ్చిన కవరు మీద అడ్రసుకి అడ్డంగా పసుపు మరక. తర్వాతి కవరు మీద రెండు మరకలు, ఒకదానికొకటి జానెడు దూరంలో. ఆ తర్వాత లోపలికి పోయిన కవరు బయటికి రాలేదు. మిషను ఎర్ర దీపం వెలిగించి కూర్చుంది. అది పొడిని కాల్చి అతికించే మిషను అని అతను చెప్పనే చెప్పాడు. నల్లదైతేనేం, పచ్చనిదైతేనేం, పొడి పొడే కదా. అతికించేసింది.

సావుకారు వచ్చి చూశాడు. "ఏం జేసినావమ్మా? నిన్న మొన్న వచ్చిన మిషను గదా! కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకేం తెల్సు సార్, పసుపు పెట్టమన్నారు, పెట్టినా..."

ఎస్పీ రోడ్డు మనిషి వచ్చి, లోపలి భాగం బయటికి లాగి, గుడ్డతో తుడుస్తూ వాసన చూశాడు. "ఏనమ్మా, లోపల పులియోగరె కలిపినారా? ఇంగువ ఒకటి తక్కువైంది." ఎవరూ నవ్వలేదు. "సార్, ఇదేమీ కష్టం లేదు. ముందు అడ్రసు కొట్టుకోండి. ఆమేల మీ పసుపు, కుంకుమ, గంధం, ఏం కావల్లంటే అది పెట్టుకోండి."

"అదెట్లయితాదప్పా?" అన్నాడు సావుకారు. "పసుపు లేని కవరు మీద పేరు వేసేది చావు కబురుకు. మా నాయన పెట్టిన కట్టు అది. ఆయన పోయి ఇన్నేండ్లయినా ఒక్కసారి తప్పలేదు."

"అయితే మిషను వాపస్ ఎత్తుకోని పోనా?"

"ఎత్తుకోని పో. కోడి గెలికినా పర్వాలేదు, ఎవరో ఒకరి చేత రాయిస్తా. రాసేటోడు వస్తే జిగురూ వాడే పూసుకుంటాడు, స్టాంపులూ వాడే అంటిస్తాడు."

ఆ మాట నాకు వినబడింది. నా కుర్చీ గురించేనని తెలిసింది. పల్లె, మరిది, బడి మానేసిన పిల్లలు, అన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి, ఫోటోల్లా, చప్పుడు లేకుండా. అప్పుడు కూడా నాకు భయం వెయ్యలేదు. తల దించుకుని వేళ్లకి అంటిన పసుపు తుడుచుకుంటున్న ఆ అమ్మాయిని చూస్తే మాత్రం, నేను మాట్లాడవలసింది ఇంకా ఉందనిపించింది.

"అయ్యా, ఆ పాపను అనాకండి. పసుపు ఆరలేదని నేను చూసినా. చూసి కూడా చెప్పలేదు."

"ఏమిటికి చెప్పలేదు?"

నేను గిన్నె వైపు చూశాను. సావుకారు కూడా చూశాడు. తర్వాత ఆయన కళ్లు గోడ మీది క్యాలెండరు మీదికి పోయాయి.

"ఇంగొక మాట చెప్తా, వినండి," అన్నాను. "ఈ మిషను వచ్చిన దినం దీని నెత్తిన పసుపు పెట్టింది మీరే గదయ్యా. ఇప్పటికీ ఉండాది, చూడండి. కవరు ఏదైనా ఆ పసుపు కిందనే దూరి బయటికి రావల్ల. దూరినాక గదా పేరు పడేది? పసుపు దాటకుండా పేరు యాడ పడింది?"

కింద సందులో తోపుడుబండివాడు "సైడు, సైడు" అని అరుస్తూ పోయాడు. సావుకారు మిషను దగ్గరికి వచ్చి, వంగి దాని నెత్తి చూశాడు. మూడు బొట్లూ ఎండి బీటలు వారాయి గానీ రాలిపోలేదు. కవరు దూరే చోట వేలు పెట్టాడు, బొట్టు దగ్గరికి పోనిచ్చాడు, మళ్లీ కిందికి తెచ్చాడు.

"నువ్వు లాయరు కావాల్సినదానివమ్మా," అన్నాడు. తర్వాత ఎస్పీ రోడ్డు మనిషితో, "నువ్వేం చూస్తాండావు? బిగించు. శుక్రవారం శుక్రవారం నేనే బొట్టు పెడతా దీనికి."

"పెట్టండి సార్. స్వల్ప పొడిగా పెట్టండి, సాకు, అంతే చాలు," అన్నాడతను.

అట్లా పేరు ముందైంది, పసుపు తర్వాతైంది. ఆ అమ్మాయికి నేను గిన్నె ముట్టకుండానే చెప్పాను, రెండు చుక్కల నీళ్లు చాలని, ఉంగరం వేలి కొస చాలని. వారం రోజులు పని జరిగింది. నేను ఒక్కొక్క కవరే మిషను నోటికి అందించేదాన్ని. వెనక తలుపు నుంచి వచ్చిన కవరు వేడిగా ఉండేది, అప్పుడే పెనం మీద నుంచి తీసిన రొట్టెలా. ఆ నెలల్లో నా చేతికి తెలిసిన వేడి అదొక్కటే. అందుకని వచ్చిన కవరుని వెంటనే కట్టలో పెట్టేదాన్ని కాదు, కాసేపు పట్టుకునేదాన్ని.

అక్షరాలు మాత్రం అన్నీ ఒకేలా ఉండేవి. కదిరికీ ఇంగ్లీషే, కోలారుకీ ఇంగ్లీషే. ఆ మిషనుకి ఇంకో భాష పెట్టడం మాకు చేతకాలేదు. ఊరి పేరు కింద రెండు గీతలు పెన్సిలుతో గీద్దామా అని ఒకసారి అనుకున్నాను. గియ్యలేదు. జిగురు పూసి, స్టాంపులు అంటించి, సంచుల్లో వేసి పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాం. కవర్లు పోయేదాకా ఉండమన్నాడు సావుకారు. కవర్లు పోయాయి. మర్నాడు వచ్చి, చెయ్యడానికి ఏమీ లేక, జిగురు కుంచె కడిగి ఆరబెట్టి కూర్చున్నాను.

మూడో రోజు ఫోను మోగింది. కంప్యూటరు అమ్మాయి ఎత్తి, విని, మొహం అదోలా పెట్టి నా వైపు చాపింది. "అక్కా, కదిరి నుంచి. ఆయన్ను అడగతాండారు."

తీసుకున్నాను. అవతల ముసలి గొంతు. "ఏమ్మా, కవరు మీద ఇంగిలీసు కొట్టినారే, మా గుమాస్తా యాడ? రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టిందా ఆయప్పకు?"

"ఆయన లేరప్పా," అన్నాను. "ఎండాకాలంలో పోయినారు."

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"అట్లనా," అన్నాడు చివరికి. "ఆయప్పను నేను ఎప్పుడూ చూసింది లేదమ్మా. రాత చూసినా అంతే. కవరు చేతికి రాంగానే నాకు ఏమో అనిపించె."

ఆ రోజు నాలుగు ఫోన్లు వచ్చాయి. తర్వాతి రోజు ఇంకా ఎక్కువ. మదనపల్లె, హిందూపురం, తుమకూరు. కన్నడలో అడిగినవాళ్లకి కన్నడలో చెప్పాను. అందరూ అడిగింది ఒకటే, రాసే ఆయన ఏమయ్యాడని. ఆయన్ని చూసినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు. మేము ఏ ఊరికీ చావు కబురు పంపలేదు. పంపాలని తట్టనే లేదు. నాలుగు మూలలా పసుపు పెట్టిన ఆ కవర్లే మోసుకుపోయాయి ఆ కబురు.

"ఆయన లేరప్పా, ఎండాకాలంలో పోయినారు." ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు. ఇంటి దగ్గర ఆ కబురు అందరికీ చెప్పింది వేరేవాళ్లు. ఇప్పుడు రోజూ చెప్పాను, మొదటిసారి ఎట్లా చెప్పానో చివరిసారీ అట్లాగే, గొంతు పైకీ కిందికీ పోకుండా. ఒక ఫోను సావుకారే ఎత్తాడు. హిందూపురం దుకాణం. ఆయన "ఊ, ఊ" అంటూ విన్నాడు. మధ్యలో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఫోను పెట్టేశాక కూడా కళ్లజోడు తీసుకోలేదు.

చింతామణి నుంచి ఒక పెద్దావిడ చేసింది, దుకాణం ఆవిడదే. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు. "నువ్వు ఆయప్ప పెండ్లామా?" అంది. అవునన్నాను. "అన్నం తింటాండావా?"

"తింటాండానమ్మా."

"తిను తల్లీ," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం క్యారియరు విప్పి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులుసులో ఉప్పు ఎక్కువైంది. చాలా ఎక్కువైంది. పిల్లలు ఇద్దరూ అదే పులుసు కట్టుకుని బడికి పోయారే అనిపించింది. ఎన్నాళ్ల నుంచి ఇట్లా తింటున్నారో అనిపించింది. డబ్బా మూత పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ కంప్యూటరు అమ్మాయి మంచి పిల్ల. ఫోను మోగితే తనే ఎత్తి, కాసేపాగి చెయ్యమంది.

శ్రావణం పూజ అయిన మర్నాడు ఆఫీసుకి పోతే, నా బల్ల మీద ఫోను ఉంది. గోడ వెంబడి కొత్త తీగ లాగి, మేకులు కొట్టి ఉన్నాయి. సావుకారు తల ఎత్తకుండానే అన్నాడు, "ఆమీద చూస్తామంటి గదా. చూసినా. ఊర్లోళ్లంతా నీ గొంతుకు అలవాటు పడినారు. ఆ పక్క మిషను, ఈ పక్క ఫోను, నడుమ నువ్వు. సాలదా?"

"చాలు అయ్యా," అన్నాను.

ఆ వారమే మరిదికి కార్డు రాశాను, వంకర టింకర నాలుగో తరగతి రాతతో: మేము ఇక్కడే ఉంటాము, పిల్లలు బడికి పోతున్నారు, మీరు దిగులు పడవద్దు అని. కార్డు తిప్పి అడ్రసు రాసేటప్పుడు పైకి అనుకుంటూ రాశాను. ఊరి పేరు కింద రెండు గీతలు గీశాను. అవి సరిగ్గా రాలేదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

ఆ బల్ల దగ్గర ఇంకో పదేళ్లు పనిచేశాను. పిల్లలిద్దరూ చదువుకున్నారు. అది వేరే మాట. ఇంక పొద్దుపోతోంది, మీ పనులు మీకుంటాయి. పోయి రండి నాయనా, పోయి రండమ్మా. మీ గడప దాటి వచ్చే ప్రతి కవరూ నాలుగు మూలలా పసుపుతో, మంచి కబురుతో రావాలి. మీ పేరు రాసే చెయ్యి చల్లగా ఉండాలి. మీ ఇంట్లో వండినదానికి ఉప్పు సమంగా కుదిరి, అది కుదిరిందని చెప్పే మనిషి ఎదురుగా కూర్చుని తినాలి.